బంకమన్ను, చెకుముకి, ముగ్గురాయి: తొలి భూమి సేంద్రియ అణువులను ఖనిజాలు ఎలా దాచాయో పరీక్షించే పద్ధతి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కెమిస్ట్రీ, జియాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు వెతుక్కునే విద్యార్థుల కోసం, వాళ్ళకు గైడ్‌గా ఉండే డిగ్రీ, పీజీ అధ్యాపకుల కోసం ఈ మార్గదర్శి. మామూలు కాలేజీ ల్యాబ్‌లో ఉండే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, సెంట్రిఫ్యూజ్, మఫుల్ ఫర్నేస్, పీహెచ్ మీటర్‌తో పనిలో మూడొంతులు అయిపోతుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్, హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో కలిసిన అణువులను విడదీసే పరికరం), జీసీ-ఎంఎస్ (ఆవిరి రూపంలో అణువులను విడదీసి బరువు తేల్చే పరికరం) లాంటి వాటికి మాత్రం యూనివర్సిటీల వైపు చూడాలి.

ముందు ప్రశ్నను విడగొట్టుకోండి. "ఖనిజం అణువును కాపాడిందా?" అనే ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు ఉన్నాయి. అణువు ఖనిజానికి అంటుకుంటుందా? అంటుకున్నది నీళ్ళు, ఉప్పు, వేడి, అతినీలలోహిత కాంతి తగిలినా నిలుస్తుందా? రాయిలో ఈరోజు మనకు కనబడుతున్న అణువు ఆ రాయంత పాతదేనా? చాలా ప్రాజెక్టులు మొదటి ప్రశ్నకు జవాబు రాబట్టి, మూడో ప్రశ్నకు కూడా జవాబు చెప్పినట్టు ముగుస్తాయి. అది కుదరదు. అంటుకోవడం తేలిగ్గా జరిగే పని, గంటల్లో అయిపోతుంది. కోట్ల ఏళ్ళు నిలవడం వేరే సంగతి.

ఈ రంగం పెద్ద గుణపాఠం నేర్చుకున్నది మూడో ప్రశ్న దగ్గరే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బారాలో సుమారు 270 కోట్ల ఏళ్ళ నాటి షేల్ రాళ్ళలో జీవుల ఆనవాళ్ళయిన స్టెరేన్ అణువులు దొరికాయని 1999లో ప్రకటించారు. తర్వాత అదే ప్రాంతంలో, కాలుష్యం సోకకుండా అతి జాగ్రత్తగా డ్రిల్లింగ్ చేసి తీసిన కోర్లను పరీక్షించారు. రాతికి సొంతమైన అలాంటి అణువులేవీ లేవని, పాత నమూనాల్లో కనబడినవి తర్వాత సోకినవేనని 2015లో తేల్చారు. పరికరాల్లో లోపమేమీ లేదు. నమూనా పుట్టుక దగ్గరే పొరపాటు జరిగింది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు శుభ్రతకూ, బ్లాంకులకూ (నమూనా లేకుండా నడిపే ఖాళీ పరీక్షలకూ) పోతుంది.

మన చుట్టూ ఉన్న రాళ్ళలో ఏది పనికొస్తుంది

తిరుమల ఘాట్ రోడ్డులో కనబడే ఎపార్కియన్ అసంగతి జాతీయ భూవిజ్ఞాన స్మారకం. కింద ఆర్కియన్ (250 కోట్ల ఏళ్ళ కంటే పాత) కాలపు గ్రానైటు, పైన దాని తర్వాతి ప్రొటెరోజోయిక్ కాలపు నగరి క్వార్ట్‌జైటు, రెండింటి మధ్య కోట్ల ఏళ్ళ చరిత్ర కనబడకుండా పోయిన గీత. చూడటానికి, పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. సేంద్రియ అణువుల వేటకు మాత్రం అది పనికిరాదు. గ్రానైటు కరిగిన శిలాద్రవం గడ్డకట్టి పుట్టింది. క్వార్ట్‌జైటు అసలు ఇసుక కాబట్టి అందులో కర్బనం చాలా తక్కువ. పైగా పగుళ్ళలో బతికే నాచు, లైకెన్లు, పగలూ రాత్రీ తిరిగే బస్సుల పొగ. ఇవన్నీ చాలవన్నట్టు, స్మారకం దగ్గర, శిలాతోరణం దగ్గర సుత్తి ఎత్తడం నిషేధం. శేషాచలం అడవుల్లో ఎక్కడైనా సరే అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా రాయి తీయకూడదు. ఎర్రచందనం వల్ల తనిఖీలు గట్టిగా ఉంటాయి, బ్యాగులో రాళ్ళు, సుత్తితో దొరికితే సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

కుప్పం వైపు చిగురుగుంట దాకా వచ్చే కోలార్ శిలాపట్టీ సుమారు 270 కోట్ల ఏళ్ళది. వయసు చూసి ఆశపడతారు. కానీ ఆ రాళ్ళు 500 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన వేడిని చూశాయి. అంత వేడికి అణువులు మిగలవు, మిగిలితే గ్రాఫైటు మిగులుతుంది. గ్రాఫైటు మీద రామన్ స్పెక్ట్రోస్కోపీ, కార్బన్ ఐసోటోపుల పని చేయవచ్చు గానీ అమైనో ఆమ్లాల కోసం వెతకడం వృథా.

కడప బేసిన్‌లోని వేంపల్లె డోలమైటు అంత వేడెక్కలేదు. సూక్ష్మజీవుల చాపలు పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన స్ట్రోమటోలైట్లు, మధ్యమధ్య చెకుముకి రాతి పట్టీలు అందులో ఉన్నాయి. దాని పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ (పొరల మధ్యకు చొచ్చి గడ్డకట్టిన శిలాద్రవపు పలక) వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు కాబట్టి, వేంపల్లె పొరలు అంతకంటే పాతవి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. డోలరైటు సిల్‌కు దగ్గరున్న డోలమైటు దాని వేడికి కాలిపోయి ఉంటుంది, దూరంగా ఉన్న చోటే నమూనా తీయాలి. పైగా ఆ కాలిన అంచుల్లోనే పులివెందుల దగ్గర క్రిసోటైల్ ఆస్బెస్టాస్ ఏర్పడింది. పచ్చటి, పట్టులా మెరిసే పోగులు కనబడితే ఆ రాయిని ముట్టుకోకండి, పొడిగా అసలు దంచకండి.

రైల్వేకోడూరు దాటాక కడప దారిలో మంగంపేట ముగ్గురాయి ఉంది. ముగ్గురాయి అంటే బేరైటు, బేరియం సల్ఫేటు. దాని విషయం చివర్లో చూద్దాం.

మొదటి పని: ఏమీ లేదని నిరూపించడం

నమూనా ముట్టుకోకముందే ఖాళీ ప్రయోగం నడపాలి. ఖనిజం లేకుండా, అణువు లేకుండా, మిగతా అన్ని దశలూ అచ్చంగా అలాగే చేసి, చివర్లో ఏం కనబడుతుందో చూడాలి. అందులో ఏదైనా శిఖరం కనబడితే అది మీ చేతిదో, సీసాదో, ద్రావణిదో అయి ఉంటుంది. అది పోయేదాకా ముందుకు వెళ్ళకండి.

బోరోసిలికేట్ గాజు బీకర్లు, వయల్స్, పాశ్చర్ పిపెట్లు, అల్యూమినియం ఫాయిల్ అన్నింటినీ మఫుల్ ఫర్నేస్‌లో 450 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు కాల్చాలి. ఫర్నేస్ చల్లబడేదాకా తలుపు తీయకండి, గాజు పగులుతుంది. కాల్చిన వాటి మూతిని కాల్చిన ఫాయిల్‌తోనే మూయాలి. కొలత గీతలున్న (వాల్యూమెట్రిక్) ఫ్లాస్కులు, పిపెట్లను మాత్రం కాల్చకూడదు, కొలత తప్పుతుంది. వాటిని ఆమ్లంతో కడిగి, తర్వాత అతిశుద్ధ జలంతో కనీసం 5 సార్లు కడగాలి. అగేటు కల్వాన్ని కూడా ఫర్నేస్‌లో పెట్టకండి, పగిలిపోతుంది. ముందే కాల్చిన పలుగురాయి పొడిని అందులో నూరి పారబోస్తే శుభ్రపడుతుంది.

వేలిముద్రలో అమైనో ఆమ్లాలు ఉంటాయి. సెరైన్, గ్లైసిన్ ముఖ్యంగా. కాబట్టి పౌడరు లేని నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి, ఫోను గానీ తలుపు గడియ గానీ ముట్టుకుంటే మార్చాలి. చేతికి హ్యాండ్ క్రీమ్, శానిటైజర్ రాసుకున్న రోజు ఇంకా జాగ్రత్త. డీఅయనైజ్డ్ నీరు అనగానే సేంద్రియ పదార్థం లేదనుకోకండి. అయాన్లు పోయినా రెజిన్ నుంచి, ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే సేంద్రియ పదార్థం, బ్యాక్టీరియా ఉంటాయి. నీళ్ళను తీసుకున్న రోజే వాడేయాలి.

బఫర్ల దగ్గర చాలామంది జారిపడతారు. ఎసిటేట్, సిట్రేట్, ట్రిస్ అన్నీ సేంద్రియ అణువులే, ఖనిజం మీద చోటు కోసం మీ అణువుతో పోటీ పడతాయి. పీహెచ్‌ను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌తోనే సరిచేయండి. బఫర్ లేదు కాబట్టి బంకమన్ను పీహెచ్‌ను లాగేస్తుంది. అందుకే మొదట పెట్టిన పీహెచ్ కాకుండా చివర్లో కొలిచిన పీహెచ్‌నే నోట్ చేసుకోవాలి.

బంకమన్ను తయారీ

బంకమన్ను సేంద్రియ అణువులను పోగుచేసి ఉంటుందని బ్రిటన్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ 1951లోనే సూచించారు. అమెరికా రసాయన శాస్త్రవేత్త జేమ్స్ ఫెర్రిస్ బృందం 1996లో మాంట్‌మొరిల్లొనైటు అనే పలకల బంకమన్ను మీద ఆర్‌ఎన్‌ఏ గొలుసులను 50 యూనిట్ల దాకా పెంచి చూపింది. మొదటి ప్రయోగానికి మాంట్‌మొరిల్లొనైటే సరైనది. దాని పలకల మధ్య ఖాళీ ఉంటుంది, పలకల మీద ఋణావేశం ఉంటుంది, ధనావేశమున్న అణువులు ఆ ఖాళీలోకి దూరతాయి. వంద గ్రాములకు సుమారు 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్ల అయాన్ మార్పిడి సామర్థ్యం దానిది. కేయోలినైటు అనే మరో బంకమన్నుకు 3 నుంచి 15 మాత్రమే, అందుకే దాన్ని పోలిక కోసం పక్కన పెట్టుకోండి.

మాంట్‌మొరిల్లొనైటు కొనేటప్పుడు కే10 అనే రకం తీసుకోకండి. కెమికల్ షాపుల్లో తేలిగ్గా దొరికేది అదే గానీ, దాన్ని ఆమ్లంతో ఉడికించి తయారుచేస్తారు, పలకల నిర్మాణం పాడై ఉంటుంది. మాంట్‌మొరిల్లొనైటు ఎక్కువగా ఉండే రాజస్థాన్, గుజరాత్ బెంటొనైటు మన్ను చౌక, కానీ అందులో పలుగు, సున్నపురాయి, మట్టిలోని సేంద్రియ పదార్థం కలిసి ఉంటాయి. శుద్ధి చేసుకుంటే సరిపోతుంది.

10 గ్రాముల బెంటొనైటును 1 లీటరు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, బాగా కలిపి, పొడవాటి సిలిండర్లో పోసి కదలకుండా ఉంచండి. 2 మైక్రోమీటర్ల కంటే పెద్ద రేణువులు పైనున్న 10 సెంటీమీటర్ల నుంచి కిందికి దిగాక ఆ పై భాగాన్ని సైఫన్‌తో తీసుకోవాలి. పుస్తకాల్లో దీనికి దాదాపు 8 గంటలు అని ఉంటుంది. అది 20 డిగ్రీల లెక్క. ఏసీ లేని తిరుపతి ల్యాబ్‌లో నీళ్ళు 30 డిగ్రీలుంటే, స్నిగ్ధత తగ్గి రేణువులు తొందరగా దిగుతాయి, సుమారు 6 గంటల 10 నిమిషాలు చాలు. 8 గంటలు ఉంచితే తప్పేమీ లేదు, దొరికే మన్ను ఇంకా సన్నగా, కాస్త తక్కువగా ఉంటుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట మాత్రం పెట్టకండి. ఒకవైపు వేడెక్కి నీళ్ళలో సుడులు లేచి రేణువులు దిగవు.

సున్నపురాయి పోవడానికి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ, పీహెచ్ 4 కంటే దిగకుండా, బుడగలు ఆగేదాకా కలపండి. తర్వాత సహజ సేంద్రియ పదార్థాన్ని కాల్చడానికి 10 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి 60 డిగ్రీల దగ్గర ఉంచాలి. మాంగనీసు ఆక్సైడులున్న మన్నయితే పెరాక్సైడ్ పడగానే నురగ ఉబికి బీకరు దాటి పారుతుంది. బీకర్లో మూడో వంతుకు మించి నింపకండి, పెరాక్సైడ్‌ను కొంచెం కొంచెంగా వేయండి. బుడగలు పూర్తిగా ఆగాక కూడా రెండు సార్లు కడగాలి. పెరాక్సైడ్ మిగిలితే రేపు మీరు వేసే అడెనిన్‌ను అదే తినేస్తుంది, మీరేమో ఖనిజం పీల్చుకుందని రాసుకుంటారు.

చివరిగా 1 మోలార్ సోడియం క్లోరైడ్‌తో మూడుసార్లు కలిపి సెంట్రిఫ్యూజ్ చేసి, పలకల మధ్యనున్న కాల్షియం, మెగ్నీషియం స్థానంలో సోడియం తెచ్చుకోవాలి. తర్వాత నీళ్ళతో కడుగుతూ, పై నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మారకుండా ఉండేదాకా కొనసాగించండి. ఉప్పు తగ్గేకొద్దీ మన్ను నీళ్ళలో విడిపోయి, కిందికి దిగడం మానేస్తుంది. అప్పుడు వేగం పెంచాలి, లేదా డయాలిసిస్ సంచిలో వేసి నీళ్ళు మారుస్తూ ఉంచాలి. డయాలిసిస్ సంచి మీద గ్లిజరిన్ పూత ఉంటుంది, ముందు దాన్ని వేడినీళ్ళలో కడిగి పోగొట్టండి. 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, అగేటు కల్వంలో నూరి, కాల్చిన గాజు సీసాలో పెట్టుకోండి.

అడెనిన్‌తో అధిశోషణం

అధిశోషణం అంటే ఖనిజానికి అణువు అంటుకోవడం. మొదటి అణువుగా అడెనిన్‌నే ఎంచుకోండి. ఇది డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండింటిలో ఉండే క్షారం, 260 నానోమీటర్ల దగ్గర బలంగా కాంతిని పీల్చుకుంటుంది, మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. 13.5 మిల్లీగ్రాముల అడెనిన్‌ను 100 మిల్లీలీటర్లలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం. చల్లటి నీళ్ళలో మెల్లగా కరుగుతుంది, గోరువెచ్చగా చేయాలి. అడుగున తెల్లని రేణువు ఒక్కటి మిగిలినా మీ మొదటి గాఢత తప్పే.

0.1, 0.25, 0.5, 1.0 మిల్లీమోలార్ గాఢతలు, పీహెచ్ 3, 5, 7, 9. ప్రతి ట్యూబులో 50 మిల్లీగ్రాముల మన్ను, 5 మిల్లీలీటర్ల ద్రావణం. ప్రతిదీ మూడేసి ట్యూబులు. వీటితో పాటు మన్ను లేని ద్రావణం ట్యూబులు (గోడలకు ఎంత అంటుతుందో చూడటానికి), అడెనిన్ లేని మన్ను ట్యూబులు తప్పనిసరి. తొలి భూమి వాతావరణంలో ఆక్సిజన్ లేదు, అది పెరగడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట. కాబట్టి నీళ్ళను మరిగించి, నైట్రోజన్ బుడగలు 30 నిమిషాలు పంపి వాడితే మంచిది. ఇనుమున్న ఖనిజాలతో పనిచేసేటప్పుడు ఇది మంచిది మాత్రమే కాదు, తప్పనిసరి.

24 గంటలు తిప్పి, 10,000 జీ వేగంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. సిరంజి ఫిల్టర్ వాడకపోతేనే మేలు, దాని పొర కొంత అడెనిన్‌ను పట్టుకుంటుంది, కొంత సొంత మలినాన్ని వదులుతుంది. 1 మిల్లీమోలార్ అడెనిన్ శోషణ 260 దగ్గర దాదాపు 13.3 వస్తుంది, అంత విలువను ఏ పరికరమూ చదవలేదు. 20 రెట్లు పలచన చేస్తే 0.67 దగ్గరికి వస్తుంది. ప్రతి రీడింగుతో పాటు 340 నానోమీటర్ల దగ్గర కూడా చదవండి. అడెనిన్ అక్కడ ఏమీ పీల్చుకోదు. సున్నా కంటే ఎక్కువ వస్తే మన్ను రేణువులు ఇంకా తేలుతూ కాంతిని చెదరగొడుతున్నాయని అర్థం. మళ్ళీ సెంట్రిఫ్యూజ్ చేయాలి.

లెక్క సూటిగా ఉంటుంది. మొదటి గాఢతలోంచి చివరి గాఢత తీసేసి, ఘనపరిమాణంతో గుణించి, మన్ను బరువుతో భాగించాలి. 1.0 మిల్లీమోలార్ 0.4కు దిగిందనుకుందాం. 0.6ను 5 మిల్లీలీటర్లతో గుణిస్తే 3 మైక్రోమోల్, దాన్ని 0.05 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 60 మైక్రోమోల్.

పీహెచ్ 3 దగ్గర ఎక్కువ, 7 దాటాక బాగా తక్కువ రావాలి. అడెనిన్ పీకేఏ (అణువుల్లో సగం ప్రోటాన్‌ను పట్టుకుని ఉండే పీహెచ్) 4.2 దగ్గర కాబట్టి ఆమ్లంలో ధనావేశం వస్తుంది, పలకల మధ్యకు దూరుతుంది. మీ గ్రాఫులో పీహెచ్‌తో మార్పే లేకపోతే అనుమానించండి. అడెనిన్ పోతున్నది మన్నులోకి కాకపోవచ్చు.

ఇంకెక్కడికి పోతుంది? బ్యాక్టీరియా తింటుంది. మే నెలలో 35 డిగ్రీల గదిలో 24 గంటలు అంటే వాటికి పండగే. గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలతో ఇది మరీ ఎక్కువ. ఒక సెట్‌ను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర కూడా నడపండి. గది ట్యూబుల్లో నష్టం చాలా ఎక్కువగా ఉండి, రోజులు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంటే సూక్ష్మజీవులే కారణం. నిజమైన అధిశోషణం కొన్ని గంటల్లోనే నిలకడకు వస్తుంది.

అణువు పలకల మధ్యకు దూరిందా, పైపైన అంటిందా అనేది ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చెబుతుంది. వానాకాలంలో గాలి తేమను మన్ను పీల్చుకుని పలకల దూరం మారుతూ ఉంటుంది కాబట్టి, నమూనాను 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి వెంటనే స్కాన్ చేయించాలి. ఖాళీ మన్ను కుంచించుకుని 9.7 ఆంగ్‌స్ట్రామ్‌లకు వస్తుంది, రాగి ఎక్స్‌రేతో టూ-థీటా 9.1 డిగ్రీల దగ్గర శిఖరం. లోపల అడెనిన్ పడుకుని ఉంటే పలక మందం సుమారు 9.6కు అణువు మందం 3.4 కలిసి 13 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆగిపోతుంది, శిఖరం 6.8 డిగ్రీలకు జరుగుతుంది. పరికరం 5 డిగ్రీల దగ్గర కాకుండా 3 డిగ్రీల నుంచి స్కాన్ మొదలుపెట్టమని ముందే అడగండి, లేకపోతే విశాలమైన పలకల శిఖరం తప్పిపోతుంది.

అంటుకున్నది నిలుస్తుందా

అడెనిన్ ఎక్కిన మన్నును వరసగా మూడు ద్రావణాలతో కడగండి. ముందు శుద్ధజలం, తర్వాత 1 మోలార్ సోడియం క్లోరైడ్, తర్వాత 0.1 మోలార్ అమ్మోనియా. నీళ్ళకే వచ్చేసింది వదులుగా ఉన్నది. ఉప్పుకు వచ్చింది అయాన్ మార్పిడితో పట్టుకున్నది, సముద్రం తగిలితే ఇది కూడా పోతుంది. చివరిదాకా రానిదే దాచుకున్నదానికి దగ్గర. ఈ మూడింటి మొత్తం, మిగిలినది కలిపితే మొదట ఎక్కిన దానికి 95 నుంచి 105 శాతం మధ్య రావాలి. రాకపోతే ఎక్కడో అణువు విరిగింది, లేదా తూకం తప్పింది. ఈ లెక్క సరిపడకుండా గ్రాఫు గీయకండి.

వేడి పరీక్షకు అడెనిన్ కంటే గ్లైసిన్ మేలు. అడెనిన్ చాలా గట్టిది, పైగా 220 డిగ్రీల దగ్గర ఆవిరై ట్యూబు చల్లటి చివరన గడ్డకడుతుంది, విరగకపోయినా మాయమైనట్టు కనబడుతుంది. గ్లైసిన్ ఎక్కించిన మన్ను, గ్లైసిన్ కలిపిన కాల్చిన పలుగురాయి పొడి, ఒట్టి గ్లైసిన్, ఈ మూడింటినీ నైట్రోజన్ నింపి మూసిన గాజు గొట్టాల్లో 100, 150, 200 డిగ్రీల దగ్గర 1, 3, 7 రోజులు ఉంచండి. పలుగురాయి పొడి లేకుండా చేస్తే, పొడిగా పలచగా పరచుకోవడం వల్ల వచ్చిన తేడాను మన్ను గొప్పతనంగా పొరబడతారు. నమూనాలను పూర్తిగా ఆరబెట్టాకే గొట్టం మూయాలి. 200 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి 15 రెట్లు దాటుతుంది, తడి గొట్టం పేలుతుంది.

గ్లైసిన్‌ను నిన్‌హైడ్రిన్‌తో 570 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. ఇక్కడ రెండు మోసాలున్నాయి. గ్లైసిన్ విరిగి వచ్చే అమ్మోనియా కూడా నిన్‌హైడ్రిన్‌తో రంగునిస్తుంది, అంటే పోయింది కూడా ఉన్నట్టే కనబడుతుంది. రెండోది దానికి వ్యతిరేకం. వేడికి రెండు గ్లైసిన్లు కలిసి వలయంగా మారితే నిన్‌హైడ్రిన్ దాన్ని చూడలేదు, ఉన్నది పోయినట్టు కనబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి కొంత భాగాన్ని 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మళ్ళీ కొలవాలి. గ్లైసిన్ విలువ పెరిగితే, అది నాశనం కాలేదు, గొలుసులుగానో వలయంగానో మారింది. నిజానికి ఇది మీ ప్రాజెక్టులో అన్నిటికంటే ఆసక్తికరమైన ఫలితం కావచ్చు, తొలి భూమిపై పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల గొలుసులు) పుట్టిన దారి ఇది కావచ్చని కొందరు భావిస్తారు.

అతినీలలోహిత కాంతికి 254 నానోమీటర్ల దీపం, ఓజోన్ పుట్టించని రకం, చాలు. ఓజోన్ పొర లేని ఆనాటి భూమికి ఈ కాంతి నేరుగా తగిలేది. మన్నును గాజు పలక మీద మందంగా పరిస్తే పై పొర మాత్రమే కాలి, కింది పొర నీడలో ఉండి, ఖనిజం కాపాడినట్టు కనబడుతుంది. నీడ కూడా కాపాడటమే, కానీ అది వేరే ప్రశ్న. రెండు మూడు మందాలు పెట్టి చూడండి. ఫాయిల్ కప్పిన చీకటి నమూనా దీపం కిందే ఉండాలి, వేడి సమానంగా తగలడానికి. కొలతకు 260 శోషణ ఒక్కటే నమ్మకండి. విరిగిన ముక్కలు కూడా అక్కడే పీల్చుకుంటాయి. సీ18 కాలమ్ మీద హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. దీపాన్ని పెట్టెలో మూయకుండా వెలిగించకండి, కళ్ళు పోతాయి.

సిలికాలో బంధించడం

సిలికాను వాడుకునే జీవులు లేని ఆనాటి సముద్రంలో కరిగిన సిలికా ఇప్పటికంటే చాలా ఎక్కువ. అందుకే పాత సూక్ష్మజీవుల రూపాలు చెకుముకి రాతిలోనే ఎక్కువగా మిగిలాయి. దీన్ని ల్యాబ్‌లో చేయడానికి సోడియం సిలికేట్ ద్రావణం, అంటే వాటర్ గ్లాస్ వాడండి. టీఈఓఎస్ అనే రసాయనం శుభ్రమైనదని ఎంచుకుంటారు, అది విరిగినప్పుడు ఇథనాల్ వదులుతుంది, మీ సేంద్రియ లెక్క మొదటికే చెడుతుంది.

లీటరుకు అర మోల్ సిలికా ఉండేలా పలచన చేసిన సిలికేట్ 20 మిల్లీలీటర్లు, 2 మిల్లీమోలార్ అడెనిన్ 5 మిల్లీలీటర్లు కలిపి, దీన్ని వేగంగా తిరుగుతున్న ఆమ్లంలో పోయాలి, పీహెచ్ 7 నుంచి 8 దగ్గర ఆగేలా. ఎంత ఆమ్లం కావాలో ముందే అడెనిన్ లేకుండా ఒకసారి టైట్రేట్ చేసి తెలుసుకోండి. ఆమ్లాన్ని సిలికేట్‌లో పోస్తే చుక్క పడినచోటల్లా గడ్డలు కడతాయి, లోపల ఒక పీహెచ్, బయట ఒక పీహెచ్. గట్టిపడిన జెల్‌ను కొంత తడిగానే ముక్కలుచేసి, కొంత 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, రెండింటినీ నీళ్ళలో రోజుకొకసారి మూడు రోజులు నానబెట్టి, బయటికొచ్చిన అడెనిన్ కొలవండి. ఆరేటప్పుడు నీళ్ళతో పాటు అణువులు పైకి పాకి ఉపరితలం మీద పేరుకుంటాయి. అందుకే ఆరబెట్టిన జెల్ మొదటి కడుగులో ఎక్కువ వదులుతుంది, ఆ తర్వాత దాదాపు ఏమీ వదలకపోవచ్చు.

ఈ ప్రయోగంలో పెద్ద సౌకర్యం ఒకటుంది. లోపల మిగిలినదాన్ని తీయడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో దాని జోలికి పోనే పోకండి. జెల్‌ను 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఒక రాత్రి ఉంచితే కరుగుతుంది, గట్టిపడితే 60 డిగ్రీలకు వేడి చేయండి. ప్లాస్టిక్ ట్యూబులో చేయాలి, క్షారం గాజును కూడా కరిగిస్తుంది. క్షారంలో అడెనిన్ వర్ణపటం 269 నానోమీటర్ల వైపు జరుగుతుంది కాబట్టి, ప్రామాణిక ద్రావణాలను కూడా అదే క్షారంలో చేసుకోవాలి.

ముగ్గురాయి: నిజమైన రాతితో

పశ్చిమ ఆస్ట్రేలియాలోని డ్రెస్సర్ శిలల్లో సుమారు 350 కోట్ల ఏళ్ళ నాటి బేరైటు ఉంది. అది పెరిగేటప్పుడు లోపల చిక్కుకున్న సూక్ష్మమైన ద్రవ బుడగల్లో ఎసిటిక్ ఆమ్లం, థయాల్స్ లాంటి చిన్న సేంద్రియ అణువులు ఉన్నట్టు 2021లో ప్రచురించారు. బేరైటు దాదాపు కరగదు, బుడగను గట్టిగా మూసి ఉంచుతుంది. మంగంపేట ముగ్గురాయి అంత పాతది కాదు, ప్రొటెరోజోయిక్ కాలానిది, నల్లని కర్బనపు పొరలతో కలిసి దొరుకుతుంది. పద్ధతి నేర్చుకోవడానికి చక్కటి రాయి.

గని నుంచి వచ్చే రాయి మీద మొదటి అనుమానం పేలుడు మందు మీద ఉండాలి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో విరివిగా వాడే అమ్మోనియం నైట్రేట్ మందులో సుమారు 6 శాతం డీజిల్ ఉంటుంది. పేలిన ముఖం మీది పగుళ్ళన్నింటికీ ఆ డీజిల్ పడుతుంది. అనుమతి తీసుకుని, పేలుడు ముఖానికి దూరంగా, పగులు లేని పెద్ద దిమ్మను తెచ్చుకోండి, పిడికెడు రాళ్ళు పనికిరావు. కాల్చిన ఫాయిల్‌లో చుట్టి, గుడ్డ సంచిలో వేయండి. పాలిథిన్ సంచిలో వేస్తే సంచి జారుడు కోసం వాడే ఎరుకమైడ్ రాతికి అంటుతుంది. రాతి మీద మార్కర్ పెన్నుతో రాయకండి, ఫాయిల్ పైన కాగితం మీద పెన్సిల్‌తో రాయండి.

నీళ్ళతో చల్లబరిచే డైమండ్ రంపంతో కోయించాలి, నూనె రంపం వద్దు. నాలుగు వైపులా కనీసం 2 సెంటీమీటర్ల మందం తీసేయండి, కానీ పారేయకండి. బయటి పెచ్చు, దాని లోపలి పొర, నడిమధ్య భాగం మూడింటినీ వేరువేరుగా నూరి, వేరువేరుగా పరీక్షించాలి. బయట ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువగా కనబడే అణువు బయటినుంచి వచ్చింది. రాతి అంతటా సమానంగా ఉన్నదాన్నే రాతికి సొంతమైనదిగా అనుమానించవచ్చు, అది కూడా అనుమానించడం వరకే. ప్రతి నమూనాకూ ముందు, 450 డిగ్రీల దగ్గర కాల్చిన పలుగురాయి పొడిని అదే మర యంత్రంలో నూరి, అదే ద్రావణితో తీసి బ్లాంక్‌గా పంపాలి.

నూరిన పొడిని డైక్లోరోమీథేన్, మెథనాల్ 9:1 మిశ్రమంలో ఫ్యూమ్ హుడ్ కింద అల్ట్రాసోనిక్ స్నానంలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు తీసి, కలిపి, నైట్రోజన్ గాలితో మెల్లగా తగ్గించండి. పూర్తిగా ఎండిపోనివ్వకండి, చిన్న అణువులు ఎగిరిపోతాయి. జీసీ-ఎంఎస్ ఫలితం చేతికొచ్చాక ఎం/జెడ్ (శకలం బరువుకూ ఆవేశానికీ నిష్పత్తి) 191, 217 దగ్గర జీవుల ఆనవాళ్ళయిన హోపేన్లు, స్టెరేన్ల కోసం ఆత్రపడేముందు, 149 చూడండి. అక్కడ శిఖరముంటే ప్లాస్టిక్‌లోని థాలేట్లు. 207, 281 కాలమ్ నుంచి రాలే సిలికోన్. 57, 85 దగ్గర దువ్వెన పళ్ళలా వరసగా శిఖరాలుంటే డీజిలో, రాతి హైడ్రోకార్బనో తేల్చాలి. బయటి పెచ్చు, లోపలి భాగం పోల్చుకోవడం ఇక్కడే అక్కరకొస్తుంది.

ఎక్స్‌రే, హెచ్‌పీఎల్‌సీ, జీసీ-ఎంఎస్ కోసం ఎస్వీ యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గరున్న ఐసర్ తిరుపతి, ఐఐటీ తిరుపతిలో విచారించండి. దేశంలో ఏ పరికరం ఎక్కడ అందుబాటులో ఉందో కేంద్రప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకవచ్చు. నమూనా ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు బ్లాంకులను కూడా అదే రోజు, అదే వరసలో నడపమని రాసి ఇవ్వండి. బ్లాంక్, నమూనా, బ్లాంక్, నమూనా. బ్లాంకులన్నీ చివర్లో నడిపితే, ముందు నమూనా నుంచి పరికరంలో మిగిలినది వాటిలో కనబడి మీ లెక్కంతా తారుమారవుతుంది. ప్రతి రాతి పొడిలో కనీసం సగాన్ని కాల్చిన సీసాలో మూసి, తేదీ, సేకరించిన చోటు అక్షాంశ రేఖాంశాలు, ముట్టుకున్నవారి వివరాలు, వాడిన ద్రావణి బ్యాచ్ నంబరు రాసి, డీప్ ఫ్రీజర్లో ఉంచండి. పరిశీలకుడు ఏదైనా శిఖరం మీద సందేహం లేవనెత్తితే మళ్ళీ పరీక్షించడానికి అదే కావాలి.